ఆఖరి గొర్రె గడ్డి ముట్టేదాకా

దేవుడి గూట్లో వత్తి సరిచేస్తుంటే చెల్లి ఫోన్ చేసింది. "పెద్దక్కా, మాస్టారు పోయారు," అంది.   పక్కగదిలో ఉన్న అమ్మకి చెప్తే, "రాత్రి ఏటైనా తిన్నాడో లేదో," అంది.

అమ్మ ఆ మాటే ఎందుకంది అంటే, కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి.

ఆయన మా ఆఖరి చెల్లికి పీజీలో గైడు. అది పశువుల డాక్టరు చదువు పూర్తిచేసి, ఆపైన పశుపోషణ, మేతభూముల మీద పీజీలో చేరింది. కూర్మన్నపాలెంలో మా వీధిలో అందరివీ స్టీల్‌ప్లాంట్ ఉద్యోగాలే. "గొర్రెలు కాయడానికీ కాలేజీ ఉందేటే?" అని మొహం మీదే నవ్వేవారు. చెల్లి ఆ మాట మాస్టారికి చెప్పుకుని ఏడ్చిందట. "కాయడం కాసేవాళ్ళకి వచ్చమ్మా. మేసిన బీడు మళ్ళీ ఎప్పుడు లేస్తుందో మనం చూద్దాం," అన్నారట. ఓదార్పు అంతే. ఎప్పుడూ అంతకన్నా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

ఆనందపురం దాటాక అమ్మ పుట్టినూరు. చెల్లి పని అక్కడి బీడులోనే. సగం బీడును కంచెలతో ముక్కలు చేసి, ఒక ముక్క మేశాక ఇంకో ముక్కలోకి గొర్రెల్ని మార్చేది. మిగతా సగంలో ఇంకో మందని ఊరికే వదిలేసేది. రెండో వానాకాలం పోయేసరికి ఎటువైపు గొర్రె బరువెక్కిందో, ఎటువైపు గడ్డి నిలిచిందో తేల్చాలి. గొర్రెలు ఆ ఊరి కాపరివి. ఆఖరి తూకం అవగానే అతను వాటిని అమ్ముకుంటానన్నాడు.

తూకానికి ముందు రాత్రంతా వాటికి మేతా నీళ్ళూ పెట్టకూడదు. పొట్ట నిండుగా ఉంటే కాటాలో తేలేది గొర్రె బరువు కాదు, మేత బరువు. ఈ సంగతి చెల్లి అందరికీ చెప్పింది. అమ్మకీ చెప్పింది.

ఆఖరి తూకానికి చెల్లికి తోడుగా అమ్మా నేనూ ఆ ఊరు వెళ్ళాం. తెల్లారగట్ల చెల్లీ నేనూ స్నానాలు చేసొచ్చేసరికి దొడ్డిలో గొర్రెలు మూతులు నాక్కుంటున్నాయి. అమ్మ చేతిలో ఖాళీ బకెట్టు.

"అరుస్తన్నాయే! తవుడు కలిపి గంజి పోసీసినాను," అంది.

చెల్లిది రెండేళ్ళ పని. కాపరి ఆ సాయంత్రమే లారీ ఎక్కించేస్తాడు. గొర్రెలు పోతే ఇక తూకమే లేదు. ఇంతలో మాస్టారు వచ్చారు. చెల్లి చెప్పాల్సిందంతా చెప్పి, "సార్, కాస్త తగ్గించి రాసేస్తే?" అంది మెల్లిగా.

"ఎంత తగ్గిస్తావమ్మా? తెలీనిది తెలీదనే రాద్దాం," అన్నారు. కోపంగా కాదు.

కోపం అమ్మకొచ్చింది. "నాను ఏకాదశికి ఉపోసం ఉంటే నాకు పున్నెం. ఆ నోరులేని జీవాలకేటి పున్నెం బాబూ? మీరు టిపినీలు తినీసి వచ్చీసి, ఆటిని కాటా ఎక్కిత్తారు!"

"నేనూ రాత్రినించి తినలేదమ్మా."

 చెల్లి అడిగింది, ఎప్పుడూ చెప్పలేదేం సార్ అని.

"కాటాకి దాంతో పని లేదు కదా," అన్నారాయన.

అప్పుడే అమ్మ కొంగు బిగించి కాపరి ఇంటికి బయల్దేరింది. వెనకాల మాస్టారు, మేమూ. ఇంకో తూకం అయ్యేదాకా గొర్రెల్ని అమ్మొద్దని మాస్టారు అడిగారు.

"కుదరదు సారూ, బేరగాడు వచ్చీసినాడు," అన్నాడు కాపరి.

"ఆయన్నేటి అంటావు? తప్పు నాది. నీ జీవాలకి గంజి పోసినాను," అంది అమ్మ.

కాపరి పకపకా నవ్వాడు. అమ్మ ఆ ఊరి ఆడపడుచు, అతనికి అప్ప, అంటే అక్క. "గంజి పోసినావని నీ మీద కోపం సెయ్యమంటావేటప్పా? సరే, మూడ్రోజులు. నాలుగోనాడు మాత్రం ఆగను."

మళ్ళీ తూకానికి మాస్టారు కాపలా ఎవర్ని పెట్టారనుకున్నారు? అమ్మనే. ఆవిడా పస్తుండి, కర్ర పట్టుకుని దొడ్డి గుమ్మంలోనే కూర్చుంది. పొద్దున్న తూకాలు సవ్యంగా తేలాయి. మాస్టారు తనే వెళ్ళి తడిక తీశారు. ఆకలితో గొర్రెలు ఉరికాయి. "ఇంక మీరూ ఇంత తినండి బాబూ," అని అమ్మ క్యారేజీ తెరవబోతే, "ఉండండమ్మా, ఆఖరిది ఇంకా ముట్టలేదు," అన్నారు. అందరం నిలబడ్డాం.

చెల్లికి పీజీ పట్టా వచ్చింది. కంచెల వైపు గొర్రెలే బాగా పెరిగాయి. నేను ఏళ్ళుగా ఉపవాసాలుంటున్నదాన్ని. ఒకరి ఆకలికి తోడుగా, ఎవరికీ చెప్పకుండా పస్తుండొచ్చని మాత్రం ఆయన దగ్గరే చూశాను. ఆయన పేరు మీద దణ్ణం పెట్టుకున్నప్పుడు నాకు గుర్తొచ్చేది అదే.

ఇప్పుడు చెల్లి కూడా పాఠాలు చెప్తోంది. మాస్టారు పోయిన నెలలోనే దాని విద్యార్థుల తూకం వచ్చింది, అదే బీడులో. అమ్మ వస్తానంది. తీసుకెళ్ళాను. కాటా పని అయ్యాక చెల్లి తడిక తీసింది. గొర్రెలన్నీ గడ్డి మీద పడ్డాయి, ఒక్క ముసలిది తప్ప. అది గుమ్మంలో రాతి స్తంభానికి మెడ రుద్దుకుంటూ నిలబడిపోయింది.

పిల్లలు ఆకలిమీదున్నారు. క్యారేజీ అమ్మ ఒళ్ళోనే ఉంది. మూత మీద చెయ్యి వేసి, "ఉండండర్రా," అంది.

ముసలిది ఇంకా మెడ రుద్దుకుంటూనే ఉంది. అమ్మ చెయ్యి మూత మీదనించి కదల్లేదు.