రబ్బరు షీటు చిరగకుండా

నా చిన్నప్పుడు మా కొండ ఊళ్లో బండి అంటే మావయ్య వ్యాను ఒక్కటే. వెనక తొట్టిలో మందపాటి రబ్బరు షీటు పరిచి, సాలూరు సంతకు అల్లం, చింతపండు బస్తాలు దింపేవాడు. ఆ షీటు కింద రేకు తుప్పుపట్టి చిల్లులు పడింది. షీటే లేకపోతే ఇంజను పొగంతా తొట్టిలోకి కొట్టేది.

ఒక వానాకాలం ఉదయం మా నాన్న కల్లు కోసం జీలుగు చెట్టెక్కి, మీంచి జారి పడ్డాడు. కాళ్లు కదపలేకపోయాడు. నడుం వంగకుండా తలుపు చెక్క మీద పడుకోబెట్టి సాలూరు ఆసుపత్రికి దింపాలన్నారు పెద్దలు. తీరా చూస్తే, బస్తాలు కట్టడానికి తొట్టి మధ్యలో బిగించిన ఇనుప కొక్కేలు అడ్డంగా ఉన్నాయి. అవి ఉంటే చెక్క తొట్టి అడుగుకు ఆనదు.

"గునపమెట్టి పీకీండ్రా, బేగి" అన్నాడు పెదనాన్న. అప్పటిదాకా వినపడుతున్న నాన్న మూలుగు ఒక్కసారిగా ఆగిపోయింది. కళ్లు మూసుకున్నాడో, పోయాడో నాకు తెలియలేదు. దగ్గరికి వెళ్లి చూడటానికి కూడా భయమేసింది.

మావయ్య గునపం పక్కన పెట్టించాడు. "షీటు సిరిగితే దారంతా పొగ మింగుతాడు. ఘాటీ దిగేసరికి మనిషి మిగలడు" అన్నాడు. బోల్టుల మీద కిరసనాయిలు పోసి, అవి నానేదాకా ఊరికే కూర్చున్నాడు. ఆ కూర్చోవడం చూసి అమ్మ గట్టిగా ఏడ్చింది. తర్వాత నన్ను బండి కిందికి దూరమన్నాడు. పెద్దవాళ్ల చెయ్యి పట్టని సందులో నేను పానాతో నట్టు పట్టుకుంటే, ఆయన పైనుంచి బోల్టు తిప్పాడు. బురద నీళ్లు నా మొహం మీద కారుతున్నా పట్టు వదల్లేదు.

బోల్టులు ఊడాయి గానీ, నీళ్లు దిగకుండా ఎప్పుడో పూసిన తారు వల్ల కొక్కేలు షీటుకు అతుక్కుపోయి ఉన్నాయి. మావయ్య వేడినీళ్లు పోసి, కొక్కెం కిందికి సన్నని దారం దూర్చి, రెండో కొస నాకిచ్చాడు. ఇద్దరం అటూ ఇటూ మెల్లగా లాగాం. అప్పుడు చూశాను, ఆయన వేళ్లు వణుకుతున్నాయి.

"నీకూ బయమేత్తందా మావయ్యా?"

"ఏత్తంది గుంటా. నాకున్నది ఒక్క బావే. బయముంది గనకే నిదానంగా సేత్తన్నాను."

షీటు ఎక్కడా చిరగలేదు. బోల్టుల రంధ్రాల్లో తేనెమైనం కూరి, నాన్నను పడుకోబెట్టారు. ఘాటీలో ప్రతి మలుపు దగ్గరా ఆయన ముక్కు కింద నా వేలు పెట్టి ఊపిరి చూసుకున్నాను. పొగ రాలేదు. నాన్న బతికాడు. చేతికర్ర సాయంతో చాలా ఏళ్లు తిరిగాడు.

మొన్న మా మనవరాలి గొంతులో చేపముల్లు దిగింది. ఇంట్లో అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, టార్చి వేయించి, నా చేతుల వణుకు తగ్గేదాకా ఆగాను. ఆ తర్వాతే దాన్ని నోరు తెరవమన్నాను.