బావగారి బండి టైర్లు

కిందటి వానాకాలం మా బావగారి రొయ్యల చెరువు గట్టు తెగింది. ఆయన బండి టైర్లు గట్టు మీద చేసిన చాళ్లలో నీళ్లు నిలిచి, నానిన మట్టి పక్కచెరువులోకి జారిపోయింది.

చెరువులోకి దించిన చెక్ ట్రే పైకెత్తి, మేత మిగిలిందో లేదో తన కళ్లతో చూసుకుంటే గాని ఆయనకు నిద్రపట్టదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక గట్లెంబడి నడవలేక, బీచ్‌లో జనాన్ని తిప్పే నాలుగు చక్రాల ఏటీవీ ఒకటి పాతది కొన్నారు. నల్లమట్టి తడిస్తే దాని నున్నటి టైర్లు జారేవి. వేరే టైర్ల కోసం ఇద్దరం గవర్నర్‌పేటలో షాపులన్నీ తిరిగాం. ప్రతి టైరు గాడిలోనూ బొటనవేలు దూర్చి, "ఇది బురద వదులుద్దాండీ?" అని అడిగేవారు.

"అలాయ్ చక్రాలు కూడా వేయించండి సార్, లుక్ అదిరిపోద్ది," అన్నాడు ఒక షాపాయన.

"చూసేదెవరయ్యా, రొయ్యలా?" అన్నారు బావగారు, నవ్వకుండా.

చివరికి అన్నిటికంటే లోతు గాడులున్నవి తీసుకున్నారు. బండి జారడం మానేసింది. గట్టు సంగతి ఎవరికీ తట్టలేదు.

తెగిన చోట నిలబడి పక్కచెరువు రైతు, "ఇందులో మీ రొయ్యేది, నా రొయ్యేది బాబాయ్?" అన్నాడు. బావగారు వంగి, టైరులో ఇరుక్కున్న మట్టిని వేలితో తీస్తూ ఉండిపోయారు.

గట్టు మళ్లీ వేశారు. పాత టైర్లయితే ఆయన పడిపోతారని అక్కయ్య బెంగ, కొత్తవైతే గట్టు ఆగదని పక్కాయన గొడవ. ఈ ఏడూ వానలు మొదలయ్యాయి. బండి మాత్రం చక్రాల్లేకుండా షెడ్డులో ఇటుకల మీదే ఉంది.