నల్ల చేమ బాబాయి

మొక్కలు పెంచేవాళ్ల మనసు మెత్తన అనేవాళ్లు మా పక్క క్వార్టర్ బాబాయిని చూసి ఉండరు. రైల్వే గార్డు డ్యూటీ దిగగానే తడిగుడ్డతో తన నల్ల చేమ ఆకులు తుడుస్తూ కూర్చునేవాడు. పిన్ని నీళ్ల బకెట్టు మోసుకొస్తుంటే మాత్రం ఆ చేతులు కదిలేవి కావు. ఆ మొక్కకు చోటు కావాలని, కుళాయి దగ్గర ఆవిడ కూరకని పెంచుకున్న మామూలు చేమను పీకి పారేశాడు.

"ఇది పులుసులోకి కాదు, అచ్ఛా? షోకు మొక్క," అని అందరికీ చెప్పేవాడు.

జనవరి చలికి ఆకులన్నీ వాలిపోయాయి. ఆకు పోయినా దుంప బతికే ఉంటుందని ఆ మహానుభావుడికి తెలియదు.

"గంజి పోసి సంపీసినావు కదే!" అని కాలనీ అంతా వినేలా పిన్ని మీద విరుచుకుపడ్డాడు.

"నేనేటీ పొయ్యలేదండీ," అని ఆవిడ అంటూనే ఉంది. అతను దుంపను పెకలించి, చెత్తకుప్ప మీదికి విసిరేశాడు.

వానలు పడ్డాక ఆ కుప్పలోంచే చేటలంత నల్లటి ఆకులు లేచాయి. బాబాయి రుమాలుతో వాటిని తుడుస్తూ, "చూసినావేటి, నా చేతి చలవ!" అన్నాడు నాతో.

గోల్ బజార్లో కొన్న చేమదుంపల సంచితో పిన్ని మా పక్కనుంచే నడిచి వెళ్లింది. అతను ఆకు తిరగేసి, అడుగువైపు కూడా తుడిచాడు.