చివర్లో రాసిన గంజి సంగతి

మొన్న హిందూపురంలో కాఫీ తాగుతూ పేపరు తిప్పుతుంటే, ఏదో ఊళ్ళో తాగడానికి నీళ్ళు లేవన్న వార్త కనబడింది. ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పేసి, వచ్చిన అధికారుల పేర్లు చివరికి నెట్టారు. ఇంత చిన్న పని ఆనాడు నాకు చేతకాలేదే అనిపించి కాఫీ సహించలేదు.

పెనుకొండలో నేను విలేకరిగా చేరిన కొత్తలో, మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వార్తకు ఒక మర్యాద ఉండేది. ఎవరు విచ్చేశారో, ఎవరు అధ్యక్షత వహించారో, ప్రతి పేరుకూ గారు తగిలించి, పూలమాలలు సైతం వదలకుండా రాసి, ఊరికి కావలసినదేదో చిట్టచివర విన్నవించుకోవాలి. మన వైపు ఎవరింటికైనా అడగడానికి పోతే, క్షేమసమాచారాలన్నీ అయి లేచి వచ్చేటప్పుడు గదా అసలు మాట ఎత్తుతాం, నా రాతా అంతే. చోటు చాలకపోతే పత్రికాఫీసులో వార్తను కింది నుంచి కత్తిరిస్తారని నాకెవరూ చెప్పలేదు.

ఆ ఏడు వానలు లేక వేరుశనగ విత్తనం భూమిలోనే మాడిపోయింది. నల్లమాడ దగ్గర మా అవ్వ ఊళ్ళో సర్కారు వాళ్ళు పెట్టిన గంజి కేంద్రం నెలాఖరుకు మూసేస్తారని తెలిసి, జనం బెంగుళూరు కూలికి పోదామని మూటలు కట్టుకున్నారు. అవ్వ నా చెయ్యి పట్టుకుని, "నువ్వు పేపర్లో రాస్తే గంజి ఆపరంట గదా నాయనా. నీ రాత చూసే, పోయేదో ఉండేదో తేల్చుకుంటాం" అంది.

అధికారి కేంద్రం చూడవచ్చిన రోజున పద్ధతిగా అంతా రాసి, ధర్మవరం దాకా బస్సులో పోయి కవరు రైలు తపాలాలో వేసి వచ్చాను. అచ్చయిన పేపరులో అధికారి గారు విచ్చేశారు, గ్రామస్థులు ఘనంగా స్వాగతం పలికారు. గంజి ఆపవద్దని వేడుకున్న నా చివరి నాలుగు పంక్తులు లేవు.

పేపరు పట్టుకుని ఊరికి పోతే, చదువురాని మనుషులు చుట్టూ చేరి చదవమన్నారు. ఎదురుగా అవ్వ కూర్చుని ఉంది. అచ్చయినంత చదివాను. అక్కడ ఆపే ధైర్యం చాలక, లేని ఆ నాలుగు పంక్తులు కూడా పేపరులోకి చూస్తూనే చదివేశాను. "మనోడు రాసినాడప్పా" అంటూ ఒకాయన మూట విప్పాడు, ఆయన్ను చూసి ఊరంతా విప్పింది.

ఆ రోజే గంజి సంగతి మొదట పెట్టి మళ్ళీ రాసి పంపాను. అది అచ్చయ్యేసరికి కేంద్రం మూతపడి తొమ్మిది రోజులైంది, ముందే పోయిన పక్క ఊళ్ళ వాళ్ళతో బెంగుళూరు పనులూ నిండిపోయాయి. పెనుకొండకు వచ్చెయ్యమని అవ్వ కాళ్ళు పట్టుకున్నాను. "నీ మాట మీద ఊరుండాది, నేనొక్కదాన్నే యాడికొచ్చేదప్పా" అంది. నేను పంపిన జొన్నలు నలుగురికీ పంచి, ఆకులు ఉడకబెట్టుకు తిని, వాన పడకముందే కన్నుమూసింది. ఆ పంక్తులు పేపరులో లేవని ఆమెకు చెప్పలేదు. మరెవరికీ చెప్పలేదు, ఇదే మొదలు.

ఇప్పుడు ఇంటింటా చదివేవాళ్ళున్నారు, లేని మాటను ఉన్నట్టు చదివి ఎవరినీ నమ్మించలేం. మంచిదే. కానీ నేను మాత్రం ఏ వార్త చదివినా చివరి వాక్యం దగ్గర ఆగిపోతాను, దాని కింద ఎవరు ఏమి అడిగి ఉంటారోనని.