అందరి ఫోన్లలో ఒకటే చుక్క

కరోనా తర్వాత బళ్లు తెరిచిన ఏడాది నందివాడ మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు ప్రధానోపాధ్యాయినిగా బదిలీపై వెళ్లాను. ఆన్‌లైన్ క్లాసుల పుణ్యమా అని పదో తరగతి పిల్లలందరి చేతికీ ఫోన్లు వచ్చాయి. క్లాసులు ఆగాయి గానీ ఫోన్లు వెనక్కి వెళ్లలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆడపిల్లలకు మెసేజీలు పెడుతున్నారని తల్లులు భయపడుతుంటే, పిల్లల ఫోన్లను కనిపెట్టి ఉండే యాప్ ఒకటి పెట్టించాలని తల్లిదండ్రుల సమావేశంలో నిర్ణయించాం.

దాని పద్ధతి ఇది. పిల్ల ఫోనులో యాప్ ఒక కోడు ఇస్తుంది. తల్లి ఆ కోడును తన ఫోనులో కొడితే, పిల్ల ఏం చూస్తోందో తెలుస్తుంది, ఎక్కడుందో మ్యాపులో ఎర్రచుక్కగా కనిపిస్తుంది. ఒక పిల్లకు అమ్మ, నాన్న, అమ్మమ్మ ఎంతమందైనా కాపలా ఉండొచ్చు. చేసి చూపించడానికి లెక్కల మాస్టారు ప్రసన్న అనే అమ్మాయి ఫోను తీసుకున్నారు. పేరు అడిగిన చోట ‘విద్యార్థి’ అని కొట్టి, వచ్చిన కోడును బోర్డు మీద పెద్ద అంకెలతో రాశారు. బడిలో బోర్డు మీద రాసింది ఎవరైనా ఏం చేస్తారు? తల్లులంతా శ్రద్ధగా చూసి కొట్టుకున్నారు. అందరి ఫోన్లలోనూ పచ్చటి టిక్కు పడింది, మేం కాఫీలు తాగి ఇళ్లకు వెళ్లాం.

ఆదివారం మధ్యాహ్నం శ్రావణి తల్లి పద్మ ఫోన్ చేసింది.

“మేడం గారండీ, గుడివాడ ట్యూషన్‌కని చెప్పి మా పిల్ల మంగినపూడి బీచికెళ్లిందండీ! ఫోన్లో కనపడతా ఉంది.”

ఆమెకు సర్దిచెప్పి పెట్టేలోపే ఇంకో తల్లి, అదే మాట. ఆ వెనకే మరొకరు. క్లాసు క్లాసంతా కూడబలుక్కుని సముద్రానికి వెళ్లిందా? ట్యూషన్ మాస్టారిని అడిగితే పిల్లలు తన ఎదురుగానే ఉన్నారన్నారు. ఫోన్లను నమ్మాలో ఆయన్ను నమ్మాలో తెలియక నా బుర్ర తిరిగిపోయింది. ఈలోగా శ్రావణి ఇల్లు చేరడం, పద్మ రెండు తగిలించి ఇక బడి మానెయ్యమనడం కూడా జరిగిపోయాయి.

మర్నాడు తల్లులందరినీ పిల్లలతో సహా పిలిపించాను. ఫోన్లు బల్ల మీద వరసగా పెడితే అన్నిట్లోనూ చుక్క బడి మీదే ఉంది. లెక్కల మాస్టారికి ఏదో అనుమానం వచ్చి, ప్రసన్న ఫోను పట్టుకుని గేటు దాటి నడిచారు. అన్ని ఫోన్లలోని చుక్కలూ గేటు దాటాయి. బోర్డు మీద రాసిన కోడు ప్రసన్న ఒక్కదానిది, తల్లులంతా కొట్టుకున్నదీ అదే. పద్మ కూతుర్ని దగ్గరికి తీసుకుని బావురుమంది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఎవరో అన్నారు, “అయితే బీచికెళ్లింది ప్రసన్నా?”

అందరూ అటు తిరిగారు. ఆ పిల్ల తలెత్తలేదు. వాళ్లమ్మ మార్తమ్మ నన్ను పక్కకు తీసుకెళ్లింది.

“వాళ్ల నాన్న అక్కడ పడవల మీద పనిచేసుకుంటున్నాడండీ. పనికెళ్లాడనే అందరికీ చెప్తన్నా గానీ, మేం విడిపోయామండీ. పిల్ల ఆదివారం ఆదివారం వెళ్లి చూసొస్తది. నేనే పంపుతున్నా. ఇప్పుడు ఊరందరికీ నేనేం చెప్పుకోనండీ?”

ఆమెను నా గదిలో కూర్చోబెట్టి వచ్చి, తల్లులందరినీ మళ్లీ ఫోన్లు తీయమన్నాను.

ఆ పూటే అన్ని ఫోన్లలోంచీ ప్రసన్న ఫోనుతో ఉన్న లంకె తీయించాం. ఒక్కొక్క ఫోనులో చుక్క పోయేదాకా ఆ పిల్ల పక్కనే నిలబడి చూసింది. శ్రావణి బడి మానలేదు. రిటైరయ్యేదాకా నేను ఏ బడిలోనూ కోడును బోర్డు మీద రాయనివ్వలేదు. ఏ ఇంటి కోడు ఆ ఇంటివాళ్లే కొట్టుకోవాలి, పేరు అడిగిన చోట పిల్ల పేరే కొట్టి, కనిపించేది తమ పిల్లేనా అని సరిచూసుకోవాలి. నేను నేర్చుకున్నది ఇంతే.

ప్రసన్న మాత్రం ఆ తర్వాత ప్రతి ఆదివారం ఫోను ఇంట్లో వదిలేసి ఒంటరిగా మంగినపూడి వెళ్లొచ్చేదట. ఆడపిల్ల దూరం వెళ్లేటప్పుడు చేతిలో ఫోను ఉండి తీరాలని తల్లిదండ్రుల సమావేశంలో చెప్పింది నేనే.