బస్సు టైముకొచ్చిన సోమవారం

మా బావ ఒకసారి పెద్ద రోడ్డును ఎత్తి పదకొండు అడుగులు పక్కకు జరిపాడు. నా కళ్ళతో చూశాను.

సరే, ఎత్తలేదు. రోడ్డు మొత్తం కూడా కాదు, అంచున ఉన్న పదకొండు అడుగులే. అదైనా చేసింది మునిసిపాలిటీ వాళ్ళు, ఎర్ర రంగు డబ్బాలతో. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు నాకు అబద్ధం ఆడొద్దని నేర్పారు గాని, నిజాన్ని ఎంతవరకు సాగదీయవచ్చో కొలత చెప్పలేదు. అయినా ఒక్క మాట మాత్రం కొట్టివేయను: ఆ ఎర్ర పట్టీ ఈ రోజుకీ చెరిగిపోకుండా ఉందంటే, అందులో మా బావ చెయ్యి ఉంది.

బావ అంటే మా అక్క భర్త. ఇరవై ఏడేళ్ళు సిటీ బస్సు కండక్టరు. అన్నేళ్ళూ ఒకే రూటు, నది వంతెన నుంచి పెద్దాసుపత్రి దాకా. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. "రైట్‌రైట్ గారు" అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. బండి కదలమని డ్రైవరుకు వేసే ఆ కేక ఆయనకు ఎంత అలవాటైపోయిందంటే, అన్నం తిని కంచం ముందు నుంచి లేచేటప్పుడు కూడా "రైట్ రైట్" అనేవాడు.

ఆయన రిటైరైన ఏడాదే అక్క కిడ్నీలు చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్ళి, నాలుగు గంటలు డయాలసిస్ యంత్రం పక్కన కూర్చోవాలి. అక్క వంతు ఎనిమిదికి మొదలవుతుంది. పన్నెండు దాటితే ఆ కుర్చీ ఇంకొకరిది. అరగంట ఆలస్యంగా వెళితే ఆ అరగంట ఎవరూ తిరిగి ఇవ్వరు, మూడున్నర గంటలకే సూది తీసేస్తారు. రోడ్డు మీద పోయిన నిమిషాలన్నీ అక్క పాదాల్లోకి నీరుగా దిగేవి. సాయంత్రాలు బావ అరుగు మీద కూర్చుని, ఆమె పాదాన్ని బొటనవేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూసేవాడు.

"కారు మాట్లాడుకుని వెళ్ళకూడదూ?" అన్నాను ఒకసారి.

"కారేమన్నా గాల్లో పోతుందా బామ్మర్దీ? అదీ ఆ గుంపులోనే పడి ఏడవాలి."

అలాంటప్పుడు మునిసిపాలిటీ వాళ్ళు వంతెన నుంచి ఆసుపత్రి దాకా బస్సులకు మాత్రమే అని రోడ్డు అంచున ఎర్ర రంగుతో ఒక లేను గీశారు. మూడు నెలలు చూస్తారట. ఆ తర్వాత జనాన్ని పిలిచి అడుగుతారట. వద్దంటే చెరిపేస్తారట. బావకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. రోడ్డు వెంట కొట్లవాళ్ళు వద్దంటారని ఆయనకు తెలుసు. బస్సెక్కేవాళ్ళు మాత్రం నెత్తిన పెట్టుకుంటారనుకున్నాడు.

మొదటి సోమవారం తెల్లారగానే అక్కతో, "నువ్వు ఏడున్నరకు స్టాపుకు వచ్చేయ్. నేను ముందెళ్ళి ఆసుపత్రి దగ్గర ఉంటా. ఈ లేనులో బస్సు ఎలా వస్తుందో కళ్ళారా చూడాలి," అని చెప్పి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బయలుదేరాడు.

ఏడూ పది బస్సు ఏడు నలభైకల్లా ఆసుపత్రి ముందు ఆగింది. ఇరవై ఏడేళ్ళలో అది అంత తొందరగా రావడం బావ ఎన్నడూ చూడలేదు. తలుపు తెరుచుకుంది. ఎవరూ దిగలేదు. అక్క లేదు, రోజూ ఆ బస్సులో వచ్చే నర్సులు లేరు, స్కూలు ఆయా లేదు. బస్సు ఖాళీ.

అప్పటికి గాని ఆయనకు వెలగలేదు. ఆ ఊళ్ళో ఏడూ పది బస్సు అంటే ఏడున్నరకు వచ్చే బస్సని అర్థం. బోర్డు మీద ఏం రాసి ఉన్నా, అందరూ దానికి ఇరవై నిమిషాలు కలుపుకునే ఇంట్లోంచి కదులుతారు. ఆ లెక్క నేర్పినవాళ్ళలో బావ ఒకడు. ఆ పొద్దున పెళ్ళానికీ అదే అప్పజెప్పాడు.

ఏడూ యాభై బస్సులో రెండు బస్సుల జనం కుక్కుకున్నారు. అక్కకు కాలు మోపే చోటు దొరకలేదు. దాని తర్వాతి బస్సు పట్టుకుని ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదయింది. ఆ రోజు యంత్రం మీద మూడు గంటలే.

"ఏడున్నర అన్నది మీరే కదండీ," అంది అక్క. అంతకుమించి ఒక్క మాట అనలేదు. దులిపేసి ఉంటే బావ తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాడు.

ఆ వారమంతా స్టాపుల్లో శాపనార్థాలే. రోడ్డు మీద కొట్లవాళ్ళందరికీ పెద్దమనిషి పరుపుల షాపాయన. ఆయన గుమ్మంలో నిలబడి, "చూశారా? బస్సు ఎక్కేవాళ్ళకే అక్కర్లేదు ఈ లేను. ఎవరి కోసమయ్యా మరి, నా లారీ ఆపుకునే చోటు లాక్కున్నారు?" అని దారినపోయే ప్రతివాడినీ అడిగాడు.

ఆ సోమవారం మర్నాటి నుంచే బావ రోజుకొక స్టాపులో నిలబడ్డాడు. "అమ్మా, బోర్డు మీద రాసిందే టైము. ముందు రండి," అని బతిమాలేవాడు. ఒక ముసలావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నాయనా, ఇరవై ఏళ్ళు 'వెనకాల ఖాళీ బస్సొస్తోంది, దిగు దిగు' అని నన్ను దింపింది నువ్వు కాదూ? వచ్చిందా ఆ బస్సు?"

"రాలేదమ్మా."

"మరి ఇప్పుడెలా నమ్మమంటావు?"

"నన్ను నమ్మొద్దు. రేపు ఒక్కరోజు ఏడూ ఐదుకు వచ్చి నిలబడు. బస్సు రాకపోతే నన్ను తిట్టు."

ఆమె వచ్చింది. బస్సూ వచ్చింది. తిట్టే అవకాశం పోయిందని కాస్త నొచ్చుకుంటూనే ఎక్కింది. అలా ఒక్కొక్కరూ.

పరుపుల షాపాయన మాత్రం వేరే మనిషి. బావ వెళ్ళి ఆయన షాపులో స్టూలు మీద కూర్చున్నాడు.

"మీ బేరాలన్నీ కార్లలో వచ్చేవాళ్ళవే అంటున్నారట?"

"మరి? పరుపును బస్సులో తీసుకుపోతారా?"

"తీసుకుపోరు. చూసి బేరమాడటానికి మాత్రం బస్సులోనే వస్తారు. ఇందాక వెళ్ళినామె కోర్టు స్టాపు. ఆ కళ్ళజోడాయన మిల్లు గేటు. చిల్లర ఎప్పుడూ సరిగ్గా తెచ్చేవాడు, మహానుభావుడు."

ఆయన నవ్వాడు గాని మెత్తబడలేదు. "జనం సంగతి సరే. సరుకు? వెనక సందులోంచి మోసుకురమ్మంటావా? మోసి చూడు, తెలుస్తుంది."

బావ నిజంగానే మోశాడు. ఏడు పరుపులు ఒకేసారి. కాదు, ఒకటే, అదీ ఇంకో మనిషి సాయం పట్టి. సందు మలుపులో అది గోడకూ కరెంటు స్తంభానికీ మధ్య ఇరుక్కుపోయింది. పావుగంట పెనుగులాడి, చెమటలు కక్కుతూ బయటపడ్డాడు.

"నువ్వన్నదీ నిజమే," అన్నాడు. "ఇది నాతోపాటు మునిసిపాలిటీ ఇంజనీరు కూడా మోసి ఉండాల్సింది."

ఆ మాటే ఇంజనీరు దగ్గరకు మోసుకెళ్ళాడు. ఒకటికి నాలుగుసార్లు.

మూడు నెలలు నిండాక స్కూలు హాల్లో మీటింగు పెట్టారు. పిల్లల బెంచీలు, కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఒకరి తర్వాత ఒకరు లేచి అరుస్తున్నారు. బావ వంతు వచ్చింది. లేచి మైకు పట్టుకున్నాడు.

"నేను మీకు ఇరవై ఏడేళ్ళు అబద్ధాలు చెప్పాను," అన్నాడు. "ఇదిగో వచ్చేస్తోంది అన్నాను, వెనకాలే ఉంది అన్నాను. ఏం చెయ్యను, బస్సు నా చేతుల్లో లేదు, నోరొక్కటే ఉంది. ఆ అబద్ధం నా ఒంట్లో ఎంత పాతుకుపోయిందంటే, మొదటి రోజు మా ఆవిడకు కూడా అదే చెప్పాను. ఆమెకు ఆసుపత్రిలో ఒక గంట పోయింది. ఆ గంట నేను తెచ్చివ్వలేను. ఈ లేను ఉంటే మాత్రం, ఎవరికీ ఇంక అలా చెప్పాల్సిన పని ఉండదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరుసలో అక్క తలవంచుకుని చీర కొంగు మడత పెడుతూ కూర్చుంది.

పరుపుల షాపాయన లేచాడు. "పొద్దున ఆరున్నర దాకా లారీలు ఆ లేనులో ఆపుకోనిస్తే, తర్వాత మీ బస్సులు తిప్పుకోండి. నాకు అభ్యంతరం లేదు," అన్నాడు. ఇంజనీరు రాసుకున్నాడు. లేను కావాలనేవాళ్ళను చేతులెత్తమన్నారు. వెయ్యి చేతులు లేచాయి. నిజానికి ఆ హాల్లో పట్టేది నూట యాభై మందే. కాని ముసలావిడ రెండు చేతులూ ఎత్తింది, అది నేను చూశాను.

ఆ తర్వాత రెండేళ్ళ నాలుగు నెలలు అక్క పూర్తిగా నాలుగేసి గంటలు యంత్రం మీద కూర్చుంది. పాదంలో గుంట త్వరగా పూడేది. ఆమె పోయింది వేరే కారణంతో. తగ్గిన ఆ గంట వల్ల కాదని డాక్టరమ్మ చెప్పింది. బావ ఆ మాట ఆమె చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

మొన్న ఇదంతా రాసి ఆయనకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"అంతా అబద్ధం," అన్నాడు. "నేను ఆ మీటింగుకే పోలేదు. పరుపుల షాపాయన మొహం కూడా నాకు గుర్తులేదు."

"బావా, నేను నీ పక్కనే ఉన్నాను కదా."

"నువ్వూ లేవు. మీ అక్క ఏడింటికల్లా స్టాపులో ఉండేది. ఒక్కరోజు కూడా బస్సు తప్పలేదు. ఏడున్నర అని ఆమెకు ఎవరూ చెప్పలేదు," అన్నాడు, వెనకాల ఖాళీ బస్సొస్తోందని చెప్పే ఆ పాత గొంతుతో.