ఊరికే వచ్చే ఆటల్లో పెద్దది

పొద్దున్నుంచీ ముసురు. తడుస్తూనే టమోటాలు కోసి, మదనపల్లె మండీలో దించి, మిత్రుడు నాగరాజప్ప ఇంటికి వెళ్లాను. నాటకంలోలా తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ, మాటలతోనే కథ నడిపే ఆటలు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అందులో మా ముగ్గురికీ ఒకటి ఎంచుకోవాలి. మూడో మనిషి మా రత్న వదిన. పుంగనూరులో బట్టలు కుడుతుంది; ఆ రోజు బస్సెక్కి నాకంటే ముందే వచ్చి కూర్చుంది. ఆమె తెలుగు మాత్రమే చదవగలదు. అందుకే నాలుగు పేజీల ఆట ఒకటి వెతికి, వారం రోజులు కూర్చుని నియమాలన్నీ తెలుగులో రాసి తీసుకెళ్లాను.

నాగరాజప్ప వాటిని తిప్పి కూడా చూడలేదు. మూడు వందల పేజీల ఇంగ్లీషు ఆట ప్రింటు తీయించి పెట్టాడు.

"ఊరికే వచ్చేదాంట్లో చిన్నది యాలప్పా? పెద్దదే తీసుకుందాం."

"నువ్వు చదివినావా?"

"యాడ? బొమ్మలు సూసినా."

"మరి వదిన?"

"ఆయమ్మ పాచికలేస్తే సాలు. ఏం జరిగిందో మనం సెప్తాం."

"దానికి నేను యాలప్పా? నీ సేతులకేమైంది?" అంది వదిన.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆటను బరువు చూసి ఎంచుకునేవాళ్లు మీ దగ్గర కూడా ఉన్నారా?

నా నాలుగు కాగితాలూ సంచిలో పెట్టుకుని వదిన మూడున్నర బస్సుకు వెళ్లిపోయింది. అదే బస్సుకు నేనూ వెళ్లాను.